వాలుమూత వాలిన వైనం

ఆ పనిశాలలో ఆవిడను అందరూ ఎడమక్క అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గాని, పిలిచేవాళ్లు లేక అది ఎప్పుడో మూలపడింది. ఎడంచేత్తో కత్తి పట్టేది, ఎడంచేత్తో ఆరె పొడిచి తోలుకి చిల్లులు వేసేది, కోపం వస్తే ఆ ఎడంచెయ్యే బల్ల మీద చరిచేది. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు ఆ చెయ్యి పైకి లేచిందంటే చాలు, సూది ఆపేసి బిక్కుబిక్కుమంటూ చూసేవారు.

"ఏదమ్మా, నీ మూత చూపించు," అనేది. పిల్ల చూపించేది.

"ఇదేంటి, గీత గీసినట్టు తిన్నగా పెట్టావు? వాలేది? వాలు లేకపోతే వాలుమూత ఎలా అవుతుంది? విప్పు."

విప్పాల్సిందే. బతిమాలితే కరిగే మనిషి కాదు.

వాలుమూత అనేది ఆ కంపెనీకి ప్రాణంలాంటి బ్యాగు. నల్లటి తోలు, సన్నటి పట్టీ, ఇత్తడి గొళ్లెం, ముందుకి వంగి వచ్చే మూత. ఆ మూత కింది అంచు తిన్నగా ఉండదు. ఒక పక్కనుంచి రెండో పక్కకి వేలెడు మేర కిందికి జారుతుంది. దూరంనుంచి చూస్తే బ్యాగు తల కాస్త పక్కకి వంచి ఎవరి మాటో వింటున్నట్టు ఉంటుంది. ఆ వాలు కోసమే డబ్బున్న ఆడవాళ్లు నెలల తరబడి తమ వంతు కోసం కాచుకునేవారు. కంపెనీ పెట్టిన పెద్దాయన ఒకనాడు నాటకశాలలో ఒక నటి కనుబొమ ఎగరేయడం చూశాడట. ఆ వంపు మనసులో నాటుకుపోయి, ఇంటికి వచ్చీ రాగానే ఆ బ్యాగు బొమ్మ గీశాడట. ఈ కథంతా కింది అంతస్తు దుకాణంలో గోడ మీద బంగారు రంగు అక్షరాలతో ఉండేది. పక్కనే తాళం వేసిన అద్దాల పెట్టె. అందులో ముఖమలు గుడ్డ మీద, మసక దీపం కింద, పెద్దాయన స్వయంగా కుట్టిన మొట్టమొదటి వాలుమూత.

ఎడమక్క రోజూ పొద్దున్నే పై అంతస్తుకి మెట్లెక్కే ముందు ఆ పెట్టె దగ్గర ఒక్క క్షణం ఆగేది. "మనం జన్మంతా కుట్టేవన్నీ దీనికి నకళ్లే," అని పిల్లలకి చెప్పేది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు మెత్తబడేది.

అలాంటి మనిషిని ఒకరోజు యజమాని తన గదిలోకి పిలిచాడు. యజమాని అంటే ఆ పెద్దాయన కొడుకే. తండ్రి పోయాక ఇరుకు సందులోని చిన్న కొట్టుని నాలుగంతస్తుల భవనం దాకా తెచ్చినవాడు. ఆయన పక్కన కొత్తగా చేరిన డిజైనరు కూర్చుని ఉంది. చిన్న వయసు, పొట్టి జుట్టు, చెవి మీద పెన్సిలు.

"ఎడమక్కా, అమ్మకాలు పడిపోతున్నాయని నీకూ తెలుసు," అన్నాడు యజమాని. "అమ్మల చేతిలో ఉన్న బ్యాగు కూతుళ్లు ముట్టుకోవడం లేదు. వాలుమూతని మళ్లీ కొత్తగా తయారుచెయ్యాలి. ఈ అమ్మాయి ఆ పని మీదే ఉంది. అద్దాల పెట్టె తెరుస్తున్నాం. ఆ బ్యాగు కుట్లు నువ్వు విప్పాలి."

"ఏ బ్యాగండీ?" అంది ఎడమక్క. వినపడక కాదు, విన్నది నమ్మలేక.

"మొదటిదే."

ఆవిడ గబుక్కున పక్కనున్న కుర్చీ పట్టుకుంది. "దాన్ని విప్పడమేంటండీ? పెద్దాయన చేతి కుట్లు. పోతే మళ్లీ రావు."

డిజైనరు ముందుకి వంగింది. "అక్కా, నేను పైనుంచి చూసి ఎన్ని బొమ్మలు గీసినా అది పాతదానికి కొత్త రంగు వేసినట్టే వస్తోంది. లోపల చూస్తేగాని ఆయన ఏం అనుకుని చేశారో తెలీదు. ఎక్కడ తడబడ్డారు, ఎక్కడ మనసు మార్చుకున్నారు, అదంతా లైనింగు కిందే ఉంటుంది. నువ్వు విప్పితే మళ్లీ అవే చిల్లుల్లోంచి కుట్టగలవు. వేరేవాళ్లకి ఇవ్వడానికి నాకూ ధైర్యం లేదు."

ఆ అమ్మాయి మాటలో వినయం ఉంది, పట్టుదలా ఉంది. ఎడమక్క సరేనని తల ఊపింది.

ఆ మధ్యాహ్నం యజమాని గదిలోనే బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. యజమాని పెట్టె తాళం తీసి బ్యాగుని రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఎడమక్క చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుంది. బ్యాగు అందుకుంది. ఇన్నేళ్లుగా అద్దంలోంచి చూసిన వస్తువు. తోలు ఎండి గరుకుగా ఉంది. మూలల్లో నల్లరంగు లేచిపోయి కింద లేత గోధుమరంగు కనిపిస్తోంది. పెద్దాయన ముందు గోధుమరంగులో చేసి తర్వాత నలుపు వేశారేమో అనుకుంది.

మూత లోపలివైపు లైనింగు కుట్లు ఒక్కొక్కటే సూదిమొనతో ఎత్తి తెంపింది. దారం ముక్కలు వరుసగా గుడ్డ మీద పెట్టింది. లైనింగు గుడ్డ వదులైంది. దాన్ని పొరలా పైకెత్తింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

తోలు లోపలి పక్క, మూత అంచుకి కాస్త పైన, ఒక రిబ్బను ముక్క అంటించి ఉంది. నీలం రంగు పట్టు రిబ్బను, రెండు పక్కలా తెల్లటి అంచు. జిగురు ఎండి అట్టకట్టినా రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏంటక్కా?" అంది డిజైనరు.

ఎడమక్క ఆ తెల్లటి అంచుని వేలితో తడిమింది. "ఈ రిబ్బను నాది," అంది.

"ఏ రిబ్బను?" అన్నాడు యజమాని.

"ఇదేనండీ. నా జడది. సగం నాకు, సగం మా చెల్లికి."

యజమాని నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "నువ్వు పనిలో చేరేనాటికే నాన్న పోయారు. ఇది ఆయన కుట్టిన బ్యాగు. నీ రిబ్బను ఇందులోకి ఎలా వస్తుంది?"

"అదే నాకూ అంతుపట్టట్లేదండీ," అంది ఎడమక్క.

కానీ అంతుపట్టకపోవడం ఏమిటి, కళ్లకి కట్టినట్టు కనిపిస్తూనే ఉంది. ఇరుకు సందులోని పాత కొట్టు. రెండు జడల పిల్లగా తను. పని నేర్పే మేస్త్రి మొట్టమొదటిసారి నమ్మి ఒక తోలుముక్క ఇచ్చి, "నువ్వే కొయ్యి, నువ్వే కుట్టు," అన్నాడు. అచ్చు అట్ట మీద రూళ్లకర్ర ఆనించింది. ఆ కర్రా, ఆ బల్లా అన్నీ కుడిచేతివాళ్ల కోసం అమర్చినవి. తను ఎడంచేత్తో కత్తి లాగింది. సగం దూరం పోయాక కర్ర జారింది. అంచు వంకరపోయింది. సరిచేద్దామని మళ్లీ కత్తి పెడితే, అది పైకి ఎగదన్ని తోలుకి గాటు పడింది. మేస్త్రి చూస్తాడన్న భయంతో జడ రిబ్బను తెంపి గాటు మీద అంటించి, పైన లైనింగు వేసి కుట్టేసింది. గాటు కనపడలేదు గాని, వంకర దాగుతుందా? మేస్త్రి బ్యాగుని వేలికి తగిలించి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మూతా, తాగినవాడి నెత్తిమీద టోపీనా?" అని, పాడైన బ్యాగులన్నీ పోగుపడే మూల చెత్తబుట్టలోకి విసిరేశాడు. ఆ రోజంతా ఏడ్చింది.

ఇదంతా ఎడమక్క ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"అయితే ఆ వాలు..." అని మొదలుపెట్టింది డిజైనరు. మాట మధ్యలో వదిలేసి మూత అంచు వెంట వేలు పోనిచ్చింది.

అప్పుడు ఎడమక్కకి ఇంకోటి గుర్తొచ్చింది. పాత కొట్టులో మేస్త్రి కుట్టించిన మూతలన్నీ తిన్నగానే ఉండేవి. కొత్త భవనంలోకి వచ్చాక ఎవరో నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన అద్దాల పెట్టెలోని బ్యాగుకి కొలతలు తీసి, ఇత్తడి రేకుతో కొత్త అచ్చు చేయించాడు. మనం కుట్టేది ఇలా కాదు కదా అని మేస్త్రి గొణిగితే, "అసలుది వాలుగానే ఉంది, మధ్యలో మీరే దారి తప్పారు," అన్నాడు. మేస్త్రి నోరు మూసుకున్నాడు. తనూ నమ్మింది. ఆ తర్వాతే బంగారు అక్షరాల కథ గోడెక్కింది. తన చెయ్యి జారిన జారుడుని, తన చేత్తోనే, ఇన్నేళ్లుగా వేల బ్యాగుల మీద కొలిచి మరీ కోసింది. తిన్నగా కుట్టిన పిల్లల చేత విప్పించింది.

"ఈ మాట ఈ గది దాటకూడదు," అన్నాడు యజమాని.

ఎడమక్క పనిశాలలో ఎవరికీ చెప్పలేదు గాని, ఇంట్లో దాచలేకపోయింది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన మనిషిని కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఆయన తువ్వాలు మెడ మీద వేసుకుని విన్నాడు, విన్నాడు, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీకు నవ్వెలా వస్తోందండీ? నాకు అన్నం దిగట్లేదు."

"నవ్వక ఏం చెయ్యమంటావే? నేను లిఫ్టు వంకరగా బిగిస్తే జనం తన్నడానికొస్తారు. నువ్వు వంకరగా కోస్తే వరసలో నిలబడి కొనుక్కున్నారు."

"రేపు నన్ను తీసేస్తే?"

"ఎందుకు తీసేస్తారు? దొంగతనం చేశావా? చెత్తబుట్టలోది పెట్టెలోకి నువ్వు పెట్టావా?"

అదే ప్రశ్న. బుట్టలోది పెట్టెలోకి ఎవరు పెట్టారు? మేస్త్రి పోయి చాలాకాలమైంది. ఇంక మిగిలింది ఒక్కరే, యజమాని తల్లి. ఆవిడను అందరూ పెద్దమ్మగారు అంటారు.

మర్నాడు యజమాని తనే కారు నడిపి డిజైనర్నీ ఎడమక్కనీ తీసుకుని తల్లి ఇంటికి వెళ్లాడు. పెద్దమ్మగారు కిటికీ పక్కన కూర్చుని ఒక పాత స్వెట్టరు ఊలు విప్పి ఉండ చుడుతోంది. కొడుకు చెప్పిందంతా విని, ఉండ చుట్టడం ఆపకుండానే, "పెట్టింది నేనే," అంది.

"నువ్వా?"

"కొత్త భవనంలోకి మారేటప్పుడు నాన్న చేసిన మొదటి బ్యాగు కావాలి, అద్దాల్లో పెట్టాలి అని నా ప్రాణం తీశావు కదరా. లేదంటే ఊరుకునేవాడివా? కొట్టులో చెత్తబుట్ట బోర్లించి వెతికాను. మొదటి బ్యాగంటే కాస్త వంకరగా ఉండాలి కదా. ఉన్నవాటిలో బాగా వంకరది ఏరి, నల్లరంగు పూయించి ఇచ్చాను." ఎడమక్క వైపు తిరిగింది. "అది నీదని నాకు తెలీదమ్మా. ఎవరో గాని భలే వంకరగా కుట్టారే అనుకున్నాను."

ఎడమక్కకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"మరి అసలుదేమైంది?" అన్నాడు యజమాని.

"నువ్వు తొక్కేశావు."

"నేనా?"

"బడికి పోయేటప్పుడు నీ బూట్ల అడుగులు అరిగిపోయి నీళ్లు దూరేవి. అప్పట్లో గిరాకీ లేదు, కొత్తవి కొనే దారి లేదు. ఆ బ్యాగు నేను రోజూ వాడీ వాడీ అప్పటికే చిరిగింది. దాన్ని కోసి నీ బూట్లలో వేశాను. వెచ్చగా ఉందమ్మా అన్నావు. గుర్తులేదూ?"

యజమాని తన కాళ్లకేసి చూసుకున్నాడు. పాపం, అంత పెద్దమనిషి ఒక్కసారిగా బడిపిల్లాడిలా అయిపోయాడు.

"నాన్న గీసిన బ్యాగుని..."

"మీ నాన్న గీయలేదు, కుట్టాడు. గీసింది నేను. వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో."

"మరి ఆ నటి కనుబొమ?"

"నేను జుట్టు సగానికి కత్తిరించుకుంటే వారం దాకా చూసుకోని మనిషి ఆయన. ఇంకొకరి కనుబొమ చూస్తాడా? అది మీ ప్రకటనలవాళ్లు అల్లింది. ఏదో వ్యాపారం కోసం రాసుకున్నారులే అని ఊరుకున్నాను. మూత వంకరగా ఎందుకు పెడుతున్నారో నాకు తెలీదు. ఇప్పటి ఫ్యాషన్ అనుకున్నాను. నన్నెవరూ అడగలేదు కదా."

అంతవరకూ పక్కన మాట్లాడకుండా నిలబడ్డ డిజైనరు నెమ్మదిగా వచ్చి ఆవిడ కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది. "పెద్దమ్మగారూ, ఆ గచ్చు మీద ఏం గీశారో మళ్లీ గీస్తారా?"

కాగితం ఇస్తే పెద్దమ్మగారికి నచ్చలేదు. సుద్దముక్క తెప్పించుకుని, బల్ల మీదే గీసింది. గీత ఎక్కడ తిరగాలో అక్కడే తిరిగింది. మెత్తటి తోలు, వెడల్పాటి పట్టీ, తిన్నని మూత. గొళ్లెం లేదు.

"గొళ్లెం లేకపోతే మూత ఎలా ఆగుతుందండీ?" అంది ఎడమక్క, ఉండబట్టలేక.

"వీణ్ణి ఒక చంకలో వేసుకుని ఇళ్లిళ్లకీ బెల్టులు అమ్మడానికి తిరిగేదాన్ని. ఒక్క చేత్తో గొళ్లెం ఏం తీస్తాం, ఏం పెడతాం? అందుకే మూత అంచులో బరువు కుట్టించాను. పాత తాళంచెవి ఒకటి. వేళ్లతో ఎత్తితే తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతటదే పడుతుంది."

తిరిగి వచ్చి భవనం ముందు కారు దిగుతూ డిజైనరు, "నేనింక వేరే ఏం గీయక్కర్లేదు," అంది.

ఆ కొత్త బ్యాగు నమూనా ఎడమక్కే కుట్టింది. డిజైనరు తోలు మార్చింది, కొలతలు కాస్త తగ్గించింది, తాళంచెవి బదులు సన్నటి సీసం కడ్డీ పెట్టింది. చేస్తున్నంతసేపూ ఎడమక్క మనసు మనసులో లేదు. మూత పైకెత్తి వదిలినప్పుడల్లా అది మెత్తగా వచ్చి పడుతుంటే, తను ఇన్నాళ్లూ ఇత్తడి గొళ్లేలు బిగించిన బ్యాగుకి ఇదెంత దూరమో అని దిగ్భ్రమ కలిగేది.

కొత్త బ్యాగుని చూపించే రోజు దుకాణం నిండా జనం. పాత కొనుగోలుదారులు, పత్రికలవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు. యజమాని మైకు ముందు నిలబడి, మా నాన్నగారి కలకి ఇది కొత్త రూపం అంటూ నాలుగు మాటలు జాగ్రత్తగా మాట్లాడాడు. నటి కనుబొమ ఊసెత్తలేదు, బూట్ల ఊసూ ఎత్తలేదు. ముందు వరసలో కూర్చున్న తల్లిని మర్యాదకి, "అమ్మా, నువ్వో మాట చెప్పు," అన్నాడు.

అనకుండా ఉండాల్సింది. పెద్దమ్మగారు కూర్చున్నచోటే మైకు అందుకుని సుద్దముక్క, చంకలో పిల్లాడు, బూట్లు, చెత్తబుట్ట అన్నీ చెప్పేసింది. చెప్పి, గోడ పక్కన నిలబడ్డ ఎడమక్కని చేత్తో చూపించి, "ఆ వాలు ఉంది చూశారూ, అది ఏ నటి కనుబొమా కాదు. ఈవిడ చెయ్యి జారింది," అంది.

తలలన్నీ ఎడమక్క వైపు తిరిగాయి. పారిపోదామంటే వెనక గోడ, ముందు జనం. మెడలో ముత్యాలు వేసుకున్న ఒకావిడ తన చేతిలోని వాలుమూతని పైకెత్తి చూసుకుంది. తర్వాత ఎడమక్క దగ్గరికి నడిచి వచ్చింది.

"అంటే నేను ఇంత పెట్టి కొన్నది ఒక పొరపాటునా?"

ఎడమక్క ఆ బ్యాగుని చూసింది. తన పనే. అంచు నున్నగా ఉంది, కుట్టుకీ కుట్టుకీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు.

"మొదటిదొక్కటేనమ్మా పొరపాటు," అంది. "తర్వాతవన్నీ కావాలనే చేశాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ముత్యాలావిడ నవ్వలేదు. చాలాసేపు ఎడమక్క ముఖంలోకి చూసి, బ్యాగు మళ్లీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. కోపంగా వెళ్లిందో మామూలుగా వెళ్లిందో ఇప్పటికీ ఎడమక్కకి తెలియదు.

ఆ తర్వాత కొన్ని రోజులు యజమాని తల్లితో మాట్లాడలేదు. కొందరు ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. కొందరు వాలుమూత తిరిగి తెచ్చేశారు. పత్రికల్లో ఎగతాళి బొమ్మలు వచ్చాయి. ఇంకొందరు మాత్రం ఈ గొడవ చూసే వచ్చి, ఆ వాలుదే కావాలని అడిగారు. కొత్త బ్యాగు మొదట్లో నత్తనడక నడిచింది. తర్వాత పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన తల్లులు ఒంటిచేత్తో మూత ఎత్తి చూసి, ధర అడిగి నిట్టూర్చేవారు. కొనగలిగినవాళ్లు కొనేవారు. ధర తగ్గించి మామూలు తోలుతో కూడా చెయ్యాలని డిజైనరు పట్టుబట్టి కూర్చుంది. యజమాని ఏడాది దాకా లొంగలేదు, చివరికి లొంగాడు. గోడ మీది బంగారు అక్షరాలు గీకించేశాడు. అక్కడ ఇంకేమీ రాయించలేదు.

ఎడమక్క ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. పైన ఒక పక్క వాలుమూతలు, ఒక పక్క కొత్తవి నడుస్తున్నాయి. ఒకరోజు ఒక పిల్ల వాలుమూతని తిన్నగా కుట్టి తెచ్చి, "ఇదే సరైనది కదక్కా, ఇంకా విప్పాలా?" అంది కొంటెగా.

"విప్పు," అంది ఎడమక్క. "తప్పయితే అయింది గాని, ఆ తప్పుని తప్పుగా చేస్తే ఊరుకోను."

పిల్లలందరూ ఘొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. నవ్వుతున్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

మొన్నామధ్య పెద్దమ్మగారు లిఫ్టులో పైకి వచ్చింది. కొత్త బ్యాగుల్లో మొదటిది ఎడమక్క ఆవిడకే ఇచ్చింది. అది ఇప్పుడు ఆవిడ భుజాన ఉంది. అందులో కళ్లజోడు, మందులు, ఊలు ఉండ కుక్కి ఉన్నాయి. పొట్టంతా ఉబ్బిపోయి, ముందువైపు అరచేతంత టీ మరక. ఎడమక్క అదిరిపడింది.

"ఇదేంటండీ, అప్పుడే ఇలా చేశారు? ఉండండి, మరక తీసిపెడతాను."

"మరక సంగతి వదిలెయ్యి. పట్టీ పొడుగైంది, నడుస్తుంటే మోకాలికి కొట్టుకుంటోంది. కాస్త కుదించు."

ఎడమక్క పట్టీ విప్పి, కోసి, కుట్టి ఇచ్చింది. పెద్దమ్మగారు భుజానికి తగిలించుకుని పనిశాలలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి చూసుకుంది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అని, లిఫ్టు కోసం చూడకుండా మెట్లు పట్టుకుని దిగడం మొదలుపెట్టింది.